చిట్టెలుకల జీవక్రియను కొలిచే చాంబర్: సిద్ధం చేయడం, నడపడం, లెక్క కట్టడం

ల్యాబుల్లో చిట్టెలుకలను ఉంచే గదులు మామూలుగా 20 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటాయి. బట్టల మీద కోటు, చేతికి గ్లవ్స్ వేసుకుని పనిచేసే మనిషికి ఆ వాతావరణం హాయి. చిట్టెలుకకు మాత్రం అది చలి. ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి అదనంగా ఏమీ ఖర్చు పెట్టనక్కరలేని ఉష్ణోగ్రత దానికి 30 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. 22 డిగ్రీల దగ్గర ఒంటరిగా ఉన్న చిట్టెలుక, రోజు మొత్తంలో ఖర్చు చేసే శక్తిలో మూడో వంతు నుంచి సగం దాకా చలి కాచుకోవడానికే వాడేస్తుంది. అలాంటి జంతువు మీద ఒక మందునో, ఒక జన్యు మార్పునో పరీక్షిస్తే వచ్చే జవాబులో చలి వాటా ఎంతో విడదీయడం కష్టం.

అందుకే ఉష్ణోగ్రత, తేమ, వెలుగు మన చేతిలో ఉండే చాంబర్ కావాలి. అందులో పెట్టిన కేజ్‌ల నుంచి గాలి తీసి, జంతువు ఎంత ఆక్సిజన్ వాడుకుంది, ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలింది అని కొలుస్తాం. పద్ధతి మూలం పాతదే. 1780ల మొదట్లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు లవోయిజియర్, లాప్లాస్ కలిసి ఒక గినీ పిగ్‌ను మంచు చుట్టూ ఉన్న పాత్రలో పెట్టి, కరిగిన నీటిని బట్టి అది విడుదల చేసిన వేడిని లెక్కగట్టారు. ఇప్పుడు మంచు బదులు గ్యాస్ సెన్సర్లు వచ్చాయి. వేడిని నేరుగా కాకుండా శ్వాసను బట్టి లెక్కకట్టడం వల్ల దీన్ని పరోక్ష క్యాలరీమెట్రీ అంటారు.

ఈ గైడ్ ముఖ్యంగా చిట్టెలుకల కోసం. పెద్ద ఎలుకలకూ క్రమం ఇదే, అంకెలు మారతాయి.

ముందు ప్రశ్న, తర్వాత ఉష్ణోగ్రత

చాంబర్ స్విచ్ వేయకముందే ఒక నిర్ణయం తీసుకోవాలి: ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలుస్తారు? "అందరూ 22 దగ్గర చేస్తున్నారు కాబట్టి" అనేది సమాధానం కాదు. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ యూసీపీ1 అనే ప్రోటీన్. గోధుమ రంగు కొవ్వులో వేడి పుట్టించేది ఇదే. ఈ ప్రోటీన్ లేని చిట్టెలుకలు బాగా లావెక్కుతాయని అందరూ అనుకున్నారు. మామూలు గది ఉష్ణోగ్రతలో అలా జరగలేదు. వాటిని 30 డిగ్రీల దగ్గర పెంచాకే ఆ తేడా బయటపడింది. చలిలో ఉన్నంతకాలం అవి వణుకు లాంటి వేరే దారుల్లో శక్తిని ఖర్చు చేస్తూ వచ్చాయి. ప్రశ్న అదే, జంతువు అదే. ఉష్ణోగ్రత మారేసరికి జవాబు మారిపోయింది.

మనుషుల్లో ఊబకాయం, మధుమేహం లాంటి వాటికి దగ్గరగా ఉండే ఫలితం కావాలంటే 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఒకటి ఎంచుకోండి. గోధుమ కొవ్వు ఎంత చురుగ్గా పనిచేస్తుందో చూడాలంటే చలి కావాలి, అంటే 10 డిగ్రీలు లేదా 4 డిగ్రీలు. పాత ఫలితాలతో పోల్చి చూడాలంటే 22. వీలైతే ఒకే జంతువును కనీసం రెండు ఉష్ణోగ్రతల దగ్గర కొలవండి. ఒక్క ఉష్ణోగ్రత దగ్గర కనిపించని తేడా రెండో దాని దగ్గర కనిపించడం చాలా మామూలు.

ఇంకో చిన్న మెలిక ఉంది. ఈ "చలీ వేడీ లేని" బిందువు రోజంతా ఒకేలా ఉండదు. పగలు నిద్రపోయే వేళ 29 దగ్గర ఉంటే, రాత్రి చురుగ్గా తిరిగే వేళ 33 దాకా జరుగుతుంది. అలాగని రాత్రంతా 33 పెట్టడం నేను సలహా ఇవ్వను. చిట్టెలుక చలిని తట్టుకున్నంతగా వేడిని తట్టుకోలేదు.

సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి కోసం రాసే పత్రంలో ఉష్ణోగ్రత, ఒంటరిగా ఉంచే రోజులు, ఉపవాసం ఉంటే ఎన్ని గంటలు, బరువు ఎంత తగ్గితే ప్రయోగం ఆపేస్తారు అన్నవి స్పష్టంగా ఉండాలి. చిట్టెలుకలు గుంపుగా బతికే జంతువులు. ఒంటరిగా ఉంచడం వాటికి చిన్న విషయం కాదు. ఎందుకు తప్పదో రాయండి.

చాంబర్‌ను నమ్మకండి, కొలవండి

చాంబర్ తలుపు మీద మెరిసే అంకె, కంట్రోలర్ సెన్సర్ ఉన్న చోటి ఉష్ణోగ్రత. ఎలుక ఉన్న చోటిది కాదు. జంతువులు లేకుండానే ప్రతి అరలో, ప్రతి కేజ్ లోపల, నేలకు దగ్గరగా చిన్న లాగర్లు (ఉష్ణోగ్రతను తమంతట తామే నమోదు చేసుకునే పరికరాలు) పెట్టి రెండు మూడు రోజులు నడపండి. కేజ్‌ల మధ్య తేడా అర డిగ్రీ లోపు ఉంటే సరే. పై అరకూ కింది అరకూ ఒక డిగ్రీ కన్నా ఎక్కువ తేడా వస్తుంటే ఫ్యాన్ దిశ మార్చాలి, లేదా కేజ్‌ల సంఖ్య తగ్గించాలి.

ఫ్యాన్ గురించి కాస్త ఆగి చెప్పాలి. లోపల గాలి బాగా తిరిగితే ఉష్ణోగ్రత సమానంగా ఉంటుంది, నిజమే. అదే గాలి కేజ్ జల్లెడ మూతలోంచి నేరుగా ఎలుక మీదికి వీస్తే, 22 డిగ్రీలు దానికి ఇంకా చల్లగా తగులుతుంది. లాగర్‌కు గాలి ఈడ్పు తెలియదు, ఎలుకకు తెలుస్తుంది. గాలి గోడల వెంట తిరిగి వచ్చేలా ఒక పలక అడ్డం పెడితే చాలు.

చల్లని ఉష్ణోగ్రతల్లో మంచు పేరుకుంటుంది. చాంబర్ దాన్ని కరిగించుకునే ప్రతిసారీ లోపల వేడి పైకి లేచి మళ్లీ దిగుతుంది. లాగర్ గ్రాఫులో క్రమం తప్పకుండా కనిపించే చిన్న గుట్టలు ఇవే. వాటి వేళలు రాసిపెట్టుకోండి. తర్వాత ఆక్సిజన్ గ్రాఫులో అదే లయ కనిపిస్తే అది ఎలుకది కాదని తెలుస్తుంది.

తేమ 30 నుంచి 70 శాతం మధ్య ఉండాలి. నా లెక్కలో 45 నుంచి 55 శాతం మంచిది, కారణం ముందు ముందు తెలుస్తుంది. వెలుగు 12 గంటలు, చీకటి 12 గంటలు. చీకటి అంటే చీకటే. కంట్రోలర్ మీద వెలిగే చిన్న ఎల్‌ఈడీ, తలుపు సందులోంచి వచ్చే కారిడార్ లైటు కూడా రాత్రి జంతువు దినచర్యను కదిలిస్తాయి. నల్ల టేపు ఈ ల్యాబులో అన్నిటికన్నా చవకైన పరికరం.

లైట్లు వేడిని కూడా ఇస్తాయి. ఉదయం లైటు వెలగగానే కేజ్ లోపల ఎంత పెరుగుతోందో లాగర్లలో చూసుకోండి.

గాలి ఎంత లాగాలి?

కేజ్ లోపలి నుంచి పంపుతో గాలిని లాగవచ్చు, లేదా బయటి నుంచి లోపలికి నెట్టవచ్చు. చిట్టెలుకలకు లాగే పద్ధతే మేలు. మూత దగ్గర చిన్న సందు ఉన్నా దానిగుండా గాలి లోపలికే వస్తుంది. ఎలుక వదిలిన శ్వాస బయటికి పోదు. నెట్టే పద్ధతిలో ప్రతి సందూ నష్టమే.

ఎంత వేగంతో లాగాలో అంచనా వేయడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. 25 గ్రాముల చిట్టెలుక 22 డిగ్రీల దగ్గర నిమిషానికి సుమారు ఒకటిన్నర మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటుంది. నిమిషానికి 500 మిల్లీలీటర్ల గాలి లాగితే, బయటికి వచ్చే గాలిలో ఆక్సిజన్ 20.95 శాతం నుంచి 20.66 దగ్గరికి దిగుతుంది. అంటే మనం పట్టుకోవాల్సిన తేడా 0.3 శాతం. 30 డిగ్రీల దగ్గర అది ఇంకా తగ్గి 0.16 దగ్గరికి వస్తుంది. సెన్సర్ 0.01 శాతం పక్కకు జరిగితే చాలు, 22 దగ్గర 3 శాతం, 30 దగ్గర 6 శాతం తప్పు వచ్చేస్తుంది.

తేడా పెరగాలంటే గాలి వేగం తగ్గించాలి. మరీ తగ్గిస్తే కేజ్‌లో కార్బన్ డయాక్సైడ్, తేమ, అమోనియా పేరుకుంటాయి. కొలత కూడా మందకొడిగా మారుతుంది. 3 లీటర్ల కేజ్‌ను నిమిషానికి అర లీటరు చొప్పున లాగితే, కేజ్ ఘనపరిమాణాన్ని వేగంతో భాగిస్తే 6 నిమిషాలు వస్తుంది. ఎలుకలో జరిగిన మార్పు 95 శాతం మేర గ్రాఫులో కనిపించడానికి దానికి మూడు రెట్లు, అంటే 18 నిమిషాలు పడుతుంది. ఎలుక రెండు నిమిషాలు పరుగెత్తి ఆగిపోతే గ్రాఫులో ఒక మెత్తటి దిబ్బ మాత్రమే మిగులుతుంది. అది మీ ప్రశ్నకు సరిపోతుందా అన్నది మీరే చూసుకోవాలి. రోజువారీ శక్తి ఖర్చుకైతే బాగా సరిపోతుంది. వ్యాయామం, చిన్న చిన్న కదలికల ఖర్చు కావాలంటే చిన్న కేజ్ తీసుకోండి.

చిట్టెలుకకు 400 నుంచి 600 మిల్లీలీటర్ల మధ్య మొదలుపెట్టి, ఆక్సిజన్ తేడా 0.2 నుంచి 0.6 శాతం మధ్య ఉండేలా సర్దుకోండి. ఒకసారి స్థిరపడ్డాక, ఒకే ప్రయోగంలో ఒక్కో కేజ్‌కు ఒక్కో వేగం పెట్టకండి, అన్నిటికీ ఒకటే ఉంచండి.

లోపలికి వచ్చే గాలి ఎక్కడిది? ఇది చాలామంది పట్టించుకోరు. చాంబర్ మూసి ఉన్న పెట్టె. పది ఎలుకలు అందులోనే ఊపిరి పీలుస్తుంటే ఆ గాలి మెల్లగా మారిపోతుంది. చాంబర్‌కు బయటి నుంచి తాజా గాలి ఎప్పుడూ అందుతుండాలి. ఆ గాలి కూడా మనుషులు నిలబడే చోటి నుంచి రాకూడదు. మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ 4 శాతం ఉంటుంది. గొట్టం మూతి దగ్గర ఒకరు ఐదు నిమిషాలు నిలబడి కబుర్లు చెప్పినా బేస్‌లైన్, అంటే పోల్చడానికి వాడే మూల స్థాయి, కదులుతుంది. దారిలో పెద్ద ఖాళీ డ్రమ్ము ఒకటి పెడితే ఇలాంటి కుదుపులు సర్దుకుంటాయి.

తేమ: దొంగ సిగ్నల్

ఈ మొత్తం పనిలో కొత్తవాళ్లను ఎక్కువగా మోసం చేసేది నీటి ఆవిరి. ఆవిరి గాలిలో చోటు ఆక్రమిస్తుంది. ఆ మేరకు ఆక్సిజన్ శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. ఎలుక దాన్ని వాడుకోకపోయినా సరే.

అంకెల్లో చూడండి. చాంబర్ 30 డిగ్రీలు, లోపలికి వెళ్లే గాలిలో తేమ 50 శాతం. ఎలుక శ్వాస, మూత్రం కలిసి కేజ్‌లోంచి వచ్చే గాలిలో తేమ 65 శాతానికి చేరింది అనుకుందాం. ఆ 15 శాతం తేడా వల్లే ఆక్సిజన్ 0.13 శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ ఉష్ణోగ్రత దగ్గర ఎలుక నిజంగా వాడుకున్నది 0.16 శాతం. దొంగ సిగ్నల్ అసలు సిగ్నల్‌తో సమానంగా నిలబడింది!

దీనికి రెండు మార్గాలు. సెన్సర్‌కు చేరే ముందే గాలిని పూర్తిగా ఆరబెట్టడం ఒకటి. దీనికి మెగ్నీషియం పెర్‌క్లోరేట్, కాల్షియం సల్ఫేట్ లాంటి రసాయనాలు నింపిన గొట్టం గానీ, ఆవిరిని మాత్రమే బయటికి పంపే నాఫియాన్ గొట్టం గానీ వాడతారు. మెగ్నీషియం పెర్‌క్లోరేట్ బలమైన ఆక్సీకరణి. కాగితం, నూనె, ఆల్కహాల్ దగ్గరికి చేరనివ్వకండి. రసాయనం ఏదైనా దాని కాలం అయిపోయే ముందే మార్చండి. ఎలుకలు లోపల ఉండగా వారాంతంలో అది తడిసిపోతే రెండు రోజుల కొలత పోతుంది. రెండో మార్గం, ఆవిరి పీడనాన్ని కూడా కొలిచి లెక్కలో సరిదిద్దడం. ఆ సెన్సర్ మంచిదైతే ఇది హాయిగా నడుస్తుంది. రెండిట్లో నా ఓటు నాఫియాన్‌కు, తోడుగా తేమ సెన్సర్‌కు. ఒకటి తప్పితే రెండోది చెప్తుంది.

వెచ్చటి చాంబర్‌తో ఇంకో చిక్కు వస్తుంది. 30 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న గాలి 21 డిగ్రీల దగ్గరికి చల్లబడగానే నీటి బొట్లుగా మారుతుంది. చాంబర్ బయట ఏసీ గది 21 దగ్గరే ఉంటే గొట్టం బయటికి వచ్చిన చోటే లోపల నీళ్లు నిలుస్తాయి. బొట్టు సెన్సర్‌లోకి వెళితే ఖర్చు మామూలుగా ఉండదు. గొట్టాలకు చుట్టూ ఇన్సులేషన్ చుట్టండి, లేదా సన్నటి హీటింగ్ టేపు వేయండి. చాంబర్ నుంచి ఆరబెట్టే గొట్టం దాకా దూరం వీలైనంత తక్కువ ఉంచండి. తేమను 50 శాతం దగ్గరే ఆపమని ముందు చెప్పింది ఇందుకే.

సెన్సర్లు, రిఫరెన్స్ కేజ్

సెన్సర్లను చాంబర్ బయట, ఉష్ణోగ్రత మారని చోట పెట్టండి. ఆక్సిజన్ సెన్సర్ ఏ రకమైనా చాలావరకు పీడనానికి, ఉష్ణోగ్రతకు స్పందిస్తుంది. గది తలుపు ధడాలున వేస్తే గ్రాఫులో ముల్లులా కనిపించే రకాలూ ఉన్నాయి. ఆన్ చేసి కొన్ని గంటలు వేడెక్కనిచ్చాకే క్యాలిబ్రేట్ చేయాలి, అంటే తెలిసిన గ్యాస్‌తో సెన్సర్ అంకెను సరిచేయాలి. చాలా ల్యాబుల్లో వాటిని అసలు ఆఫ్ చేయరు.

రెండు బిందువుల క్యాలిబ్రేషన్ కావాలి. సున్నాకు స్వచ్ఛమైన నైట్రోజన్. పై బిందువుకు పొడిగాలి గానీ, సర్టిఫికెట్ ఉన్న మిశ్రమం గానీ. ఎలుక గాలికి దగ్గరగా ఉండే మిశ్రమం, అంటే ఆక్సిజన్ 20.5, కార్బన్ డయాక్సైడ్ 0.5 శాతం, మిగతాది నైట్రోజన్ ఉంటే మరీ మంచిది. ప్రతి ప్రయోగానికి ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి. రెండిటి మధ్య ఎంత జరిగిందో రాసుకుంటే ఆ ప్రయోగాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తెలుస్తుంది.

చాలా యంత్రాల్లో ఒకే సెన్సర్ జత ఎన్నో కేజ్‌లను వంతులవారీగా చూస్తుంది. కేజ్‌కు 90 సెకన్లు అనుకుంటే ఎనిమిది కేజ్‌లు, ఒక రిఫరెన్స్ కలిపి ఒక చుట్టుకు పదమూడున్నర నిమిషాలు. రిఫరెన్స్ అంటే ఎలుక లేని కేజ్. దానిలోనూ అంతే పొట్టు, అంతే తిండి, అదే నీళ్ల సీసా, అదే గాలి వేగం ఉండాలి. మిగతా కేజ్‌ల అంకెలన్నీ దీంతో పోల్చినవే కాబట్టి రిఫరెన్స్‌లో తప్పుంటే అన్నిటిలో ఉన్నట్టే. వాల్వు మారిన తర్వాత మొదటి సెకన్లలో పాత కేజ్ గాలి ఇంకా గొట్టంలో ఉంటుంది. ఆ అంకెలు వదిలేసి చివరి కొన్ని సెకన్ల సగటు తీసుకోండి.

ఖాళీ పరీక్ష, తెలిసిన గ్యాస్ పరీక్ష

ఎలుకలను పెట్టే ముందు ఒక పూర్తి రోజు ఖాళీ కేజ్‌లతో నడపండి. అన్ని కేజ్‌లలో ఆక్సిజన్ వినియోగం సున్నా చుట్టూ ఉండాలి. ఏదైనా కేజ్ గట్టిగా పక్కకు ఉంటే దాని గొట్టం, వాల్వు, ఫ్లో మీటర్ చూడండి. ఖాళీ కేజ్‌కు కూడా పగలూ రాత్రీ తేడా కనిపిస్తే అది మీ భవనం ఏసీ దినచర్య. ఎలుకది అనుకుని దాని మీద వ్యాసం రాసేయకండి.

ఆ తర్వాత తెలిసిన పరిమాణం లోపలికి పంపి యంత్రం ఎంత చెప్తోందో చూడాలి. పెద్ద చాంబర్లలో ఎథనాల్ మండించి చూస్తారు. ఒక గ్రాము ఎథనాల్ పూర్తిగా మండితే 1.46 లీటర్ల ఆక్సిజన్ ఖర్చవుతుంది, 0.97 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. నిష్పత్తి ఎప్పుడూ 0.667. చిట్టెలుక స్థాయిలో ఒకటిన్నర మిల్లీలీటర్ల ఆక్సిజన్ అంటే నిమిషానికి ఒక మిల్లీగ్రాము ఎథనాల్. అంత చిన్న మంటను నిలబెట్టడం కష్టం. అందుకని నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ రెండిటినీ కచ్చితమైన ఫ్లో కంట్రోలర్లతో కొద్దికొద్దిగా కేజ్‌లోకి వదలడం సులువు. నైట్రోజన్ ఆక్సిజన్ శాతాన్ని తగ్గించి, ఎలుక వాడుకున్నట్టు నటిస్తుంది. పంపినదానికి, చూపించినదానికి తేడా 2-3 శాతం లోపు ఉంటే ముందుకు వెళ్లండి. 10 శాతం ఉంటే ఏ గణాంక శాస్త్రమూ మిమ్మల్ని కాపాడదు.

ఈ పరీక్షను ప్రయోగం చేయబోయే ఉష్ణోగ్రత దగ్గరే చేయండి. 22 దగ్గర బాగున్న యంత్రం 30 దగ్గర తేమ వల్లో, 4 దగ్గర గట్టిపడిన రబ్బరు సీలు వల్లో తప్పవచ్చు.

ప్రాణాలకు కాపలా

వేడి కంట్రోలర్ ఆన్‌లోనే ఇరుక్కుపోతే ఏమవుతుంది? దానితో సంబంధం లేని మరో థర్మోస్టాట్ ఉండాలి. 33 దాటితే హీటర్‌కు కరెంటు ఆపేసి, ఫోన్‌కు కబురు పంపాలి. 33 దగ్గర ప్రయోగం లేకపోతే ఇంకా కిందే పెట్టుకోండి.

పంపు ఆగిపోతే? బాగా బిగించిన 3 లీటర్ల కేజ్‌లో ఒక్క చిట్టెలుక వదిలే కార్బన్ డయాక్సైడ్ దాదాపు రెండు గంటల్లో 5 శాతానికి చేరుతుంది. రాత్రి పదింటికి పంపు ఆగితే ఉదయం చూడటమంటే చాలా ఆలస్యం. పంపుకు యూపీఎస్, గాలి వేగం పడిపోతే మోగే అలారం, కరెంటు పోతే తానంతట తెరుచుకునే మూత లేదా వాల్వు: ఈ మూడూ ఉండాలి. ప్రయోగం మొదలుపెట్టే ముందు పంపు ప్లగ్ తీసి అలారం నిజంగా మోగుతుందో లేదో చూసుకోండి.

ఎలుకలను అలవాటు చేయడం

కొత్త కేజ్, కొత్త నీళ్ల సీసా, తోడు లేకపోవడం. ఇవన్నీ ఒకేసారి మీదపడితే చిట్టెలుక మొదటి రోజు సరిగా తినదు, బరువు తగ్గుతుంది. కొలతకు ముందే మామూలు గదిలో అలాంటి కేజ్‌లోనే, అదే సీసాతో కొన్ని రోజులు ఒంటరిగా ఉంచండి. చాంబర్‌లోకి మార్చాక మొదటి 24 గంటలు కొలవండి కానీ లెక్కలోకి తీసుకోకండి. 48 గంటలు వదిలేస్తే ఇంకా మంచిది. బరువు, తిండి స్థిరపడ్డాయా అన్నదే అసలు కొలబద్ద.

ఉష్ణోగ్రతకు అలవాటు పడటం వేరే సంగతి. ఆక్సిజన్ వినియోగం గంటల్లో కొత్త స్థాయికి వస్తుంది. గోధుమ కొవ్వు మాత్రం మారడానికి వారాలు పడుతుంది. "30 డిగ్రీల దగ్గర కొలిచాం" అన్నా, "30 డిగ్రీల దగ్గర నాలుగు వారాలు పెంచి కొలిచాం" అన్నా ఒకటి కాదు. మీరు చేసింది ఏదో స్పష్టంగా రాయండి. 4 డిగ్రీలకు దించాలంటే, ముఖ్యంగా యూసీపీ1 లేని జంతువులైతే, నేరుగా దించకండి. ముందు 18 దగ్గర కొన్ని వారాలు ఉంచితే అవి తట్టుకుంటాయి. నేరుగా దించితే ఒంటి వేడి నిలబెట్టుకోలేక చనిపోవచ్చు.

గూడు పెట్టాలా వద్దా? ఇక్కడ వాదనలు ఉన్నాయి. మంచి గూడు కట్టుకున్న ఎలుక 22 డిగ్రీల దగ్గర కూడా వెచ్చగా ఉంటుంది. అప్పుడు మీరు పెట్టిన ఉష్ణోగ్రతకు అర్థం మారిపోతుంది. గూడే లేకుండా బోడి నేల మీద ఉంచితే అది ఒత్తిడి, దాని సంక్షేమానికీ మంచిది కాదు. పొట్టు పల్చగా వేసి, గూడు సామగ్రి ప్రతి కేజ్‌కూ తూచి ఒకే బరువు ఇవ్వడం నాకు సబబుగా తోస్తుంది. తీగల జల్లెడ నేల మూత్రం, మలం సేకరించాల్సినప్పుడే వాడండి.

తిండి తూచేటప్పుడు నేల మీద రాలిన పొడి సంగతి మరిచిపోకండి. కొన్ని ఎలుకలు తినడం కన్నా కొరికి పారేయడం ఎక్కువ చేస్తాయి. ఒక కేజ్‌లో తిండి రెండింతలై బరువు మాత్రం పెరగకపోతే పొట్టు జల్లించి చూడండి.

నడిపేటప్పుడు

గదిలోకి వెళ్లడం తగ్గించండి. తప్పనిసరి పనులు రోజూ ఒకే వేళ, లైట్లు ఆరే ముందు చేసి, ఆ అరగంట కొలతను పక్కన పెట్టండి. రెండు ఉష్ణోగ్రతలు ఉన్నప్పుడు అందరికీ ఒకే వరుస ఇవ్వకండి. సగం జంతువులు 22 నుంచి 30కి, మిగతా సగం 30 నుంచి 22కి వెళితే, రోజులు గడవడం వల్ల వచ్చే మార్పు, ఉష్ణోగ్రత వల్ల వచ్చే మార్పు విడిపోతాయి. రెండు గుంపులూ ఒకేసారి చాంబర్‌లో ఉండాలి. ఈ వారం మామూలు ఎలుకలు, వచ్చే వారం మార్పు చేసినవి అనుకుంటే వారాల మధ్య తేడాను జన్యువు తేడాగా పొరబడతారు.

ఉపవాసం ఉంటే జాగ్రత్త. 22 డిగ్రీల దగ్గర ఒక రాత్రి తిండి లేకపోతే చిట్టెలుక టార్పర్ అనే స్థితిలోకి జారుకోవచ్చు. ఒంటి వేడి 31 కన్నా కిందికి పోతుంది, ఆక్సిజన్ వినియోగం ఒక్కసారిగా పడిపోతుంది. గ్రాఫులో అలాంటి గుంట కనిపిస్తే యంత్రం పాడైందని కంగారుపడకండి, చనిపోయిందనీ అనుకోకండి. కానీ చూసుకోండి. ఒంట్లో అమర్చే చిన్న ఉష్ణోగ్రత ట్రాన్స్‌మిటర్ ఉంటే తలుపు తీయకుండానే తెలిసిపోతుంది.

లెక్క

ముందు చెప్పిన ఎలుకనే తీసుకుందాం. పొడిగాలి, ప్రామాణిక ఉష్ణోగ్రత పీడనాలకు మార్చిన వేగం నిమిషానికి 500 మిల్లీలీటర్లు. లోపలికి ఆక్సిజన్ 20.95, కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం. బయటికి 20.66, 0.29.

నేరుగా తీసివేస్తే ఆక్సిజన్ వినియోగం 1.45 మిల్లీలీటర్లు. ఇది కొంచెం తప్పు. ఎలుక తీసుకున్నంత ఆక్సిజన్‌కు సమానంగా కార్బన్ డయాక్సైడ్ వదలదు కాబట్టి లోపలికి వెళ్లిన గాలీ బయటికి వచ్చిన గాలీ సమానం కావు. నైట్రోజన్‌ను మాత్రం అది ముట్టుకోదు. లోపలి నైట్రోజన్ 79.01 శాతం, బయటిది 79.05. ఈ నిష్పత్తితో చూస్తే లోపలికి వెళ్లింది 500.25 మిల్లీలీటర్లు. ఇప్పుడు మళ్లీ లెక్కిస్తే ఆక్సిజన్ 1.50, కార్బన్ డయాక్సైడ్ 1.25. దీన్ని హాల్డేన్ సవరణ అంటారు. రెండిటి నిష్పత్తి 0.83, సవరణ లేకుండా చేస్తే 0.86 వచ్చేది. కొవ్వు, పిండిపదార్థాల వాటాల గురించి మాట్లాడేటప్పుడు ఆ తేడా చిన్నది కాదు.

శక్తికి 1949లో వియర్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం చాలు. ఆక్సిజన్ లీటర్లను 3.941తో, కార్బన్ డయాక్సైడ్ లీటర్లను 1.106తో గుణించి కలిపితే కిలో క్యాలరీలు వస్తాయి. మన ఎలుకకు రోజుకు పదిన్నర.

నిష్పత్తి 1.0 దగ్గర ఉంటే పిండిపదార్థం, 0.7 దగ్గర ఉంటే కొవ్వు ఎక్కువగా ఖర్చవుతున్నట్టు. మామూలు తిండి తినే ఎలుకలో రాత్రి పైకి, పగలు కిందికి ఊగుతుంది. ఎక్కువ కొవ్వు తిండి మీద ఆ ఊపు చదునై, 0.8 దగ్గర పడుకుంటుంది. ఉపవాసం తర్వాత మళ్లీ పిండిపదార్థం తిన్న ఎలుకలో 1.0 దాటవచ్చు, ఎందుకంటే అది కొవ్వును తయారు చేసుకుంటోంది. గంటల తరబడి 0.65 చూపిస్తుంటే మాత్రం కొత్త జీవశాస్త్రం కనిపెట్టానని సంబరపడకుండా ముందు క్యాలిబ్రేషన్ చూడండి.

తర్వాత అందరూ చేసే పని, శక్తి ఖర్చును శరీర బరువుతో భాగించడం. ఇది చేయకండి. లావెక్కిన ఎలుక అదనపు బరువులో ఎక్కువ భాగం కొవ్వు. అది కాల్చే శక్తి తక్కువ. బరువుతో భాగిస్తే లావు ఎలుకల జీవక్రియ మందగించినట్టు కనిపిస్తుంది, నిజానికి మొత్తం ఖర్చు పెరిగి ఉండవచ్చు. ఒక్కో జంతువు మొత్తం ఖర్చును అలాగే ఉంచి, బరువునూ, వీలైతే కొవ్వు, కండల బరువులనూ విడివిడిగా కోవేరియేట్లుగా (లెక్కలో పక్కన చేర్చే అంశాలుగా) పెట్టి ఆంకోవా చేయండి, అంటే బరువు ప్రభావాన్ని సరిదిద్ది గుంపులను పోల్చే గణాంక పద్ధతి వాడండి. ముందు బరువు అడ్డంగా, ఖర్చు నిలువుగా పెట్టి చుక్కల గ్రాఫు గీయండి. చాలాసార్లు జవాబు అక్కడే కనిపిస్తుంది.

చివరి తనిఖీ కూడిక, తీసివేత. తిన్న తిండిలోని శక్తి నుంచి మలంలో పోయినదాన్నీ, ఖర్చైనదాన్నీ తీసేస్తే మిగిలేది ఒంట్లో చేరాలి. స్థిరమైన బరువున్న ఎలుక రోజుకు 10 కిలో క్యాలరీలు ఖర్చు చేస్తూ 6 మాత్రమే తిన్నట్టు వస్తే ఎక్కడో కొలత తప్పింది. అలాంటి కేజ్‌ను ఎందుకు తీసేశారో రాసి తీసేయండి. ఫలితం నచ్చలేదని తీసేయడానికి, కొలత తప్పిందని తీసేయడానికి తేడా ఆ నోట్‌బుక్కే చూపించాలి. అందుకే తీసివేత నియమాలను ప్రయోగానికి ముందే రాసుకోండి.

రిపోర్టులో కేజ్ లోపల కొలిచిన ఉష్ణోగ్రత, దాని హెచ్చుతగ్గులు, తేమ, వెలుగు వేళలు, గాలి వేగం, కేజ్ పరిమాణం, గూడు సామగ్రి బరువు, ఎన్ని రోజులు అలవాటు చేశారు, ఎన్ని గంటలు వదిలేశారు, గ్యాస్ పరీక్షలో ఎంత శాతం తిరిగి వచ్చింది అన్నవన్నీ ఉండాలి. "నియంత్రిత వాతావరణంలో" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, చదివినవాళ్లు ఆ ప్రయోగాన్ని మళ్లీ చేయలేరు.